తిమింగలం పక్కన మేక కాలు

ఒకప్పటి సముద్రం ఎండి ఎడారైన తిమింగలాల లోయలో ఉవైస్ కాపలాకి చేరి పద్దెనిమిదేళ్లయింది. ఇసుకలో రాయిగా మారిన ఆ ఎముకల మీద ఈగ వాలినా ఊరుకునేవాడు కాదు. అంతటి మనిషి చేసిన నిర్వాకం చూడండి!

మొన్నటి గాలిదుమారానికి కొత్త తిమింగలం ఒకటి బయటపడింది. వెన్నుపూసలు వరసగా యాభై అడుగుల దాకా ఉన్నాయి. తోక దగ్గర మాత్రం మూరెడు కూడా లేని సన్నటి ఎముకలు ఏవో కనిపించాయి. మేక తొడ, మేక మోకాలు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మేకల్ని కోసిన చెయ్యి, పొరపడుతుందా? ఏ కాలపు మేకో ఇక్కడ చచ్చి రాయైపోయిందనుకున్నాడు. కైరో నుంచి డాక్టరమ్మ వచ్చేలోగా చోటు శుభ్రంగా ఉండాలని, వాటిని ఏరి అవతల విడిగా పేర్చాడు.

డాక్టర్ నజ్లా ఎముకల మీద పరిశోధన చేసే మనిషి. వస్తూనే ఆ కుప్ప చూసి గబగబా దగ్గరికెళ్లింది.

"ఇవెక్కడివి బాబాయ్?"

"మేకవి తల్లీ. నీ చేప పక్కన పడుంటే తీసేశాను."

"అయ్యో! అది దాని కాలు!"

ఉవైస్ పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"తిమింగలానికి కాలేంటమ్మా? ఎండ తగిలినట్టుంది, ముందు టీ తాగు."

"దాని పూర్వీకులు నేల మీద నడిచాయి బాబాయ్. నీళ్లలోకి దిగాక తరతరానికీ కాళ్లు చిన్నవైపోయాయి. ఇది ఇంకా పూర్తిగా పోని కాలు."

"అంటే ఒకరోజు నీళ్లలోకి దూకేసిందా?"

"ఏదీ దూకలేదు. ప్రతి పిల్లా తల్లిలాగే పుట్టింది, ఇసుమంత తేడాతో. నీళ్లలో బాగా బతికినవాటికి పిల్లలు ఎక్కువ మిగిలాయి, అంతే."

"తల్లిలాగే పుడితే కాలెప్పుడు పోయింది? ఏ తల్లి దగ్గర?"

"ఏ తల్లి దగ్గరా కాదు."

ఉవైస్ బుర్ర గిర్రున తిరిగింది. ఏ ఒక్కరి దగ్గరా పోనిది చివరికి లేకుండా ఎలా పోతుంది? తండ్రి కాలంలో వాళ్ల మందలో సగం మచ్చల మేకలే. నల్లవాటినే ఉంచుకుంటూ వచ్చారు. ఇప్పుడు మచ్చలది ఒక్కటీ లేదు, ఏ ఏడు పోయాయో ఎవరికీ తెలియదు. ఆ మాట తట్టగానే తిమింగలం వైపు తిరిగాడు. కానీ మచ్చలు వేరు, కాళ్లు వేరు కదా! మళ్లీ మొదటికొచ్చాడు.

నజ్లా కళ్లు తుడుచుకుంది. "ఎముక దొరికిన చోట ఉంటేనే సాక్ష్యం. ముట్టుకున్న కాపలాదారుకి ఉద్యోగం ఉండదు, ఆ సంగతి మీకూ తెలుసు. గాలి కదిపిందని రాసేస్తాను."

"గాలని రాస్తే, మరి ఆ కాలు?"

"దేనిదో తెలియదని రాయాలి."

ఉవైస్ వాళ్లది ఎడారిలో జాడలు చదివే వంశం. తప్పిపోయిన ఒంటె ఎవరి గుడారం వైపు నడిచిందో వాళ్లు చెబితేనే పంచాయతీలు తేలేవి. తన చేత్తో జాడ చెరిపి నోరు మూసుకున్నవాడి మాట మళ్లీ ఎవరూ వినరు. ఆయన లేచి తోక దగ్గరికి వెళ్లి ఇసుకలో వేలితో గీశాడు.

"తొడ ఇదిగో, ఇక్కడ. కొస అటు తిరిగుంది. జానెడు కింద మోకాటిచిప్ప. రాసుకో. ఉవైస్ తీశాడు, ఉవైసే చూపించాడని రాయి."

"బాబాయ్! ఇంకో రెండేళ్లు ఆగితే పింఛనొస్తుంది. ఇంట్లో ఏం తింటారు?"

"ఏమో, నాకూ భయంగానే ఉంది. రాయమ్మా."

"పోనీ, అది దాని కాలేనని నమ్మారా?"

"నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! కానీ ఇక్కడే ఉంది. వల్లాహి, అల్లా సాక్షిగా ఇక్కడే ఉంది."

నజ్లా కాగితం తీసింది. పూర్తి పేరు చెప్పమంది. ఉవైస్ నిటారుగా నిలబడి తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఏడో పేరు దగ్గర ఆగిపోయాడు. ఆ పైవాడెవరో, ఎలా ఉండేవాడో ఆయనకి తెలియలేదు.