పీట మీద చక్రపాణి

ప్లెయిన్స్‌బరో తెలుగువాళ్లలో చక్రపాణిగారంటే తెలియనివాళ్లు లేరు. మందుల కంపెనీలో, కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్ లెక్కలు చూసే పెద్దమనిషి. వాటిలో మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ పుచ్చుకుని నొప్పి తగ్గిందనేవాళ్లంటే ఆయనకు మహా చులకన. "అదంతా మనసు చేసే మాయండీ" అని, పార్టీల్లో ప్లేటు పట్టుకుని ఉపన్యాసం దంచేవాడు.

అంతటి మనిషికీ మోకాలి కీలు అరిగి, వాచి కూర్చుంది. కూతురు దేదీప్య పెళ్లేమో దగ్గరపడుతోంది. పీట మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడగాలని ఆయన ఆశ. కుర్చీలోంచి వంగి కడిగితే అది కన్యాదానమా, కారు టైరు మార్చడమా?

అందుకని, కీళ్ల వాపును స్టెమ్ సెల్స్ అనే మూలకణాలు తగ్గిస్తాయో లేదో చూసే ట్రయల్‌లో చేరాడు. కొందరికి ఆ కణాలు, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది ఇచ్చారో చివరిదాకా చెప్పరు. ఇంజెక్షన్ పడిన కొద్దిరోజులకే నొప్పి మాయం.

"నాకు పడ్డవి కణాలే. ట్రయల్స్‌లో తల పండినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు భార్య రాజేశ్వరమ్మతో.

ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. ఎవరింటికెళ్లినా సోఫా వదిలేసి నేల మీద బాసింపట్టు వేయడం, చటుక్కున లేచి చూపించడం. "ఎందుకైనా మంచిది, మండపంలో కుర్చీ వేయిద్దామండీ" అన్న పాపానికి రాజేశ్వరమ్మతో మాటలు మానేశాడు.

పెళ్లి వారం రోజులుందనగా ట్రయల్ నర్సు ఫోన్ చేసింది. ట్రయల్ ముగిసిందట. ఆయనకిచ్చింది ఉప్పునీళ్లట.

ఫోన్ పెట్టేసి కూర్చోబోతే మోకాలు కలుక్కుమంది. "నీకెవరు చెప్పారే?" అని దాన్ని తిట్టుకున్నాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెబితే కుర్చీ వస్తుంది.

ముహూర్తానికి పళ్లబిగువున పీట మీద కూర్చున్నాడు. రాజేశ్వరమ్మ నీళ్లు పోస్తుంటే అల్లుడు రఘువీర్ కాళ్లు కడిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, సగం పిల్ల కోసం, సగం మోకాలి కోసం. తంతు ముగిశాక లేవబోతే కాలు రానంది. ఆయన విన్యాసాలు చూసినవాళ్లంతా ఎదురుగానే ఉన్నారు.

"నెమ్మదిగా, మావయ్యగారూ" అంటూ రఘువీర్ తడి కాళ్లతోనే వంగి చంకల కింద చేతులు వేసి లేపాడు.

రాజేశ్వరమ్మ మండపం తెర వెనక నుంచి కుర్చీ లాగింది. "వారం నుంచి మీరు నేల మీద కూర్చోవడం లేదు. అందుకే తెప్పించి ఉంచాను."

చక్రపాణి అందులో కూలబడ్డాడు. "కాళ్లు మాత్రం పీట మీదే కడిగాను కదే?" అన్నాడు మెల్లగా.

"కడిగారు" అంది రాజేశ్వరమ్మ, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి.