జార్ కడిగిన నీళ్ళు

"ఇవాళేంటి, రంగు తేలిపోయింది?" అన్నాడు భర్త, గ్లాసుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని.

బీట్‌రూట్ ముక్క చిన్నది పడిందని చెప్పబోయి ఊరుకుంది ఆమె. చెబితే, చిన్నది ఎందుకు పడిందంటాడు. నిన్న సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళింది తనే కాబట్టి ఆ తప్పు తిరిగి తిరిగి తన మెడకే చుట్టుకుంటుంది.

ఆ ఇంట్లో పొద్దు మిక్సీ మోతతో పొడుస్తుంది. షుగరు హద్దు దగ్గరికొచ్చింది, జాగ్రత్త అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఆయన ఫోనులో వీడియోలు చూసి చూసి యాంటీఆక్సిడెంట్లలో పండితుడైపోయాడు. ఆయన స్మూతీ గ్లాసులో బ్లూబెర్రీలు, బీట్‌రూట్, అవిసె గింజల పొడి పడాలి, అరటిపండు ఛాయలకి రాకూడదు. అత్తగారికి ఆ అరటిపండే ఉండాలి, కానీ గింజన్నది తగలకూడదు, కట్టుడు పళ్ళ కింద ఇరుక్కుంటే రోజంతా సణుగుడే. కూతురి గ్లాసులో పాలకూర వెయ్యాలి, వేసినట్టు పిల్లకి తెలియకూడదు. ఒకరి రుచి ఇంకొకరి గ్లాసులోకి పాకకుండా ఒక్కో గ్లాసుకీ జార్ కడగాలి. ఆ కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి ఆమెకి ప్రాణం ఒప్పదు, అన్నీ ఖరీదైన పళ్ళాయె. గోడలకి అంటుకున్నదాన్ని కాసిని నీళ్ళతో గిలకొట్టి, సింకు దగ్గర నిలబడే జార్ ఎత్తి గటగటా తాగేస్తుంది. అదే ఆమె ఫలహారం. ఆయన రంగు కొంచెం, అత్తగారి తీపి కొంచెం, కూతురి పాలకూర వాసన కొంచెం, మిగతాదంతా కుళాయి నీళ్ళు.

"ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం నేను పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారు?" అంటుంటాడు ఆయన. నిజమే. పట్టించుకోవడం ఆయనది. దానిమ్మలు ఒలవడం, బ్లేడు సందుల్లో పీచు లాగడం ఆమెది.

పది కొట్టేసరికి కళ్ళజోళ్ళ దుకాణంలో ఉండాలి. అక్కడ వచ్చినవాళ్ళని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ఖాళీ ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి చూపు పరీక్ష చెయ్యడం ఆమె ఉద్యోగం. "ఇది బాగుందా, ఇందాకటిదా?" రోజంతా ఇదే ప్రశ్న. చాలామంది పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. అప్పుడు ఆమె గొంతు దానంతటదే మెత్తబడుతుంది. "తొందరేం లేదండీ. మళ్ళీ చూపిస్తాను. తప్పు జవాబంటూ ఏం లేదు, మీకేది బాగుంటే అదే."

ఆ శనివారం ఒకావిడ వచ్చింది. అద్దం మార్చి "ఏది బాగుందమ్మా?" అని అడిగితే, ఫ్రేముతో సహా తల పక్కకి తిప్పి, బెంచీ మీదున్న మొగుణ్ణి అడిగింది, "ఏమండీ, ఏది బాగుంది?"

దుకాణమంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక ఫ్రేములు బిగించే పెద్దాయన, "కళ్ళు ఈవిడవి, చూపు ఆయనది కాబోలు!" అంటే ఈమె కూడా కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.

మర్నాడు ఆదివారం ఆడపడుచు వచ్చింది. బల్ల మీద వరసగా పెట్టిన గ్లాసులు చూసి ముచ్చటపడింది.

"ఎవరిది వాళ్ళకేనా! అన్నయ్యా, నీకు రాజభోగమే. అవునూ వదినా, నీ గ్లాసేది? నీకు ఏ పండు ఇష్టం?"

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "మీ వదినకి పళ్ళంటే పెద్ద ఇష్టం ఉండదులే. తింటుండగా నేనైతే ఎప్పుడూ చూళ్ళేదు."

"అవునే, దానికి నోటి చాపల్యం లేదు. బంగారం నా కోడలు," అన్నారు అత్తగారు, మూతికంటిన అరటిపండు తుడుచుకుంటూ.

ఎవరూ వెటకారమాడలేదు. వాళ్ళు చూసిందే వాళ్ళు చెప్పారు. అయినా ఆమెని కోసింది ఆ మాటలు కాదు. ఆడపడుచు అడగ్గానే తన తల దానంతటదే భర్త వైపు తిరిగింది. ఏమంటాడో వినడానికి! కుర్చీలో ఫ్రేము పెట్టుకున్న ఆవిడలాగే.

వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఒక పిల్ల గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు, హాస్టలు డాబా మీద స్నేహితురాలితో కలిసి పుచ్చకాయ పగలగొట్టుకుని, మధ్యలో చెంచాతో గీత గీసుకుని తినే పిల్ల. "నడిమి ముక్క నాది, ముట్టుకున్నావో చంపేస్తా!" అని అరిచేది. "ఒసేయ్ రాక్షసీ, పిట్టంత పొట్ట, ఏనుగంత ఆశా!" అని స్నేహితురాలు తిట్టేది. రసం మోచేతిదాకా కారితే అక్కడే నాకేసేది. గింజలు ఎవరివి ఎంత దూరం పోతాయో ఉమ్మి చూసేవాళ్ళు. తనకేం కావాలో ఆ పిల్లకి ఎంత ఖాయంగా తెలుసు! ఎవర్నీ అడిగేది కాదు. ఎక్కడికి పోయింది? పారిపోలేదు, ఎవరూ తరిమేయలేదు. రోజుకింత రోజుకింత పల్చబడి, చివరికి జార్ కడిగిన నీళ్ళయిపోయింది. పుచ్చకాయ మీద కాదు, ఆ పిల్ల మీద బెంగ పుట్టింది ఆమెకి. తప్పిపోయిన మనిషి మీద పుట్టే బెంగ.

సోమవారం పొద్దున మిక్సీ మోగలేదు.

ఆమె స్టూలు లాక్కుని వంటగట్టు ముందు కూర్చుంది. పళ్ళెంలో ఒక పక్క కమలా తొనలు, ఒక పక్క బేరిపండు ముక్కలు. ఒక తొన నోట్లో వేసుకుంది. ఒక ముక్క కొరికింది. ఏది బాగుంది? తెలియలేదు. ఎంత వెతికినా లోపల్నుంచి జవాబు రాలేదు. ఒక్క క్షణం భయమేసింది, అసలు ఏదీ మిగల్లేదేమోనని. అప్పుడు దుకాణంలో మాట్లాడే గొంతుతో తనకి తనే చెప్పుకుంది. "తొందరేం లేదండీ. మళ్ళీ చూద్దాం."

ఇంకో తొన తీసుకుంది. ఈసారి నమలకుండా నాలుకతో నొక్కింది. రసం పెదవి దాటి గడ్డం మీదికి జారింది. తుడుచుకోలేదు.

"ఏమోయ్, టైమవుతోంది, స్మూతీ?" హాల్లోంచి కేక. కాసేపటికి మనిషే గుమ్మంలోకి వచ్చాడు. "ఏం చేస్తున్నావ్?"

"నాకేది బాగుంటుందో చూస్తున్నానండీ."

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "మరి నా గ్లాసో?"

ఆమె తల తిప్పలేదు. తరవాతి తొన మీది పీచు నెమ్మదిగా ఒలుస్తూ అంది.

"పళ్ళు బుట్టలో ఉన్నాయి. జార్ కడిగే ఉంది."