వంటమేస్త్రి ఎరువు డబ్బా

ఆ జ్వరం పోతూ పోతూ వంటమేస్త్రి ముక్కును పట్టుకుపోయింది. మనిషి లేచి తిరిగాడు, ఆకలేస్తోందన్నాడు, కానీ వాసన మాత్రం మళ్లీ తెలియలేదు. క్యాంటీన్‌లో మూత తీయకుండానే లోపల కూర ఎంత ఉడికిందో చెప్పగలిగినవాడు, ఒకరోజు పాలు అడుగంటి మాడిపోతుంటే పక్కనే నిలబడి ఉల్లిపాయలు కోసుకుంటున్నాడు. మర్నాడు తనే వెళ్లి ఉద్యోగం వద్దని చెప్పి వచ్చాడు. ఆ తర్వాత గోడకేసి చూస్తూ కూర్చోవడమే పని. ఆ కూర్చోవడం భార్య చూడలేకపోయింది.

మేడ మీద కుండీలు పెట్టుకుందామన్న ఆలోచన ఆవిడదే. నాలుగు వంగ మొక్కలు, టమాటాలు, ఒక తొట్టిలో తోటకూర. మేస్త్రికి మళ్లీ ప్రాణం లేచి వచ్చింది, ఇంట్లో వంట కూడా తనే మొదలుపెట్టాడు. మందులు కొట్టనని, ఎరువు కూడా ఇంట్లోనే చేస్తానని పట్టుబట్టాడు. మూత ఉన్న పెద్ద డబ్బా తెచ్చి, చుట్టూ చిల్లులు పొడిచి, వంటింటి చెత్త అందులో వేయడం మొదలుపెట్టాడు.

అంతవరకు బాగానే ఉంది. కానీ వంటవాడు ఎక్కడున్నా వంటవాడే. పచ్చి తొక్కలకు రెండింతలు ఎండుటాకులు కలపాలని మొక్కలమ్మినతను మరీ మరీ చెప్పాడు. మేస్త్రికి ఆ మాట రుచించలేదు. ఆకులూ అలములూ పెట్టి ఎవరినైనా పోషిస్తారా అన్నాడు. మగ్గిన పండ్లు, మిగిలిన అన్నం, గంజి, పాలగిన్నె కడిగిన నీళ్లు, అన్నీ ఆ డబ్బాకే. తిండి పెట్టడంలో ఆయన పిసినారితనం ఎరగడు. సాయంత్రం మూత తీసి, వాసన ఎలా ఉందని పెళ్లాన్ని అడిగేవాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి బాగానే ఉందనేది. పాపం, కిందికి దిగాకే ఊపిరి వదిలేది.

కింది వాటాలో దర్జీ పనిచేసే అమ్మాయి మాత్రం ముక్కుసూటి మనిషి. కుట్టిన బట్టలకు కుళ్లు కంపు పట్టిందని ఒకావిడ వెనక్కిచ్చి వెళ్లాక, ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. మేస్త్రి ముందు నోరు మెదపకుండా, వంటింట్లోకి వెళ్లి ఆయన భార్యతో మెల్లగా చెప్పింది. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన దాకా మాట వెళ్లిందట. ఈ కంపు ఆగకపోతే డబ్బాతో పాటు కుండీలన్నీ దింపించేస్తానన్నాడట.

"నువ్వు చెప్తావా పిన్నీ, నేను చెప్పనా?" అంది దర్జీ.

ఆవిడకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే మనిషి మళ్లీ గోడ దగ్గరికి పోతాడు. చెప్పకపోతే మేడ ఖాళీ అవుతుంది. రోజంతా గింజుకుని, ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక చెప్పేసింది.

మేస్త్రి అరవలేదు. చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మరి నా వంట?" అని అడిగాడు.

ఆవిడ తల దించుకుంది.

"కూర మాడిన రోజులున్నాయి. తినేశాను."

"బాగుందన్నావు కదే."

"అన్నానండీ."

"నాకు మిగిలిన ముక్కు నువ్వేననుకున్నాను" అన్నాడు. ఆ మాటకు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టినా బాగుండేది.

ఆయన మేడ మీదికి వెళ్లాడు. ఈసారి వాసన సంగతి ఎవర్నీ అడగకుండా డబ్బాలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి పిండాడు. నీళ్లు మోచేతి దాకా కారాయి. వంటవాడి చేతికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. పిండి జారైపోయిందని తనలో తనే అనుకున్నాడు. మర్నాడు వీధిలో రాలిన ఆకులన్నీ ఊడ్చి తెచ్చాడు. పాత అట్టపెట్టెలు చింపి ముక్కలు చేశాడు. అన్నం, గంజి, పాలనీళ్లు మానేశాడు. డబ్బా అంతా బోర్లించి, ఎండువి కలిపి, తిరగేసి మళ్లీ నింపాడు. పిండితే వేళ్లకు తడి అంటాలి, చుక్క రాలకూడదు. అదీ ఆయన పెట్టుకున్న లెక్క. ఇంటాయన కాళ్లావేళ్లా పడి గడువు ఇప్పించింది కూడా ఆ దర్జీ అమ్మాయే.

అయితే వాసన సంగతి భార్యను అడగడం మానేశాడు. సాయంత్రం కాగానే పిట్టగోడ మీద నుంచి దర్జీని కేకేసేవాడు. ఆ అమ్మాయి సూదీదారం పక్కన పెట్టి, మెట్లెక్కి వచ్చి, ముక్కు పెట్టి చూసి, నిన్నటి మీద నయమనో, ఇంకా కంపేననో చెప్పి పోయేది. భార్య తలుపు దగ్గర నిలబడి వినేది. చేసుకున్నవారికి చేసుకున్నంత అని సరిపెట్టుకోబోయేది, కానీ మనసు ఒప్పేది కాదు. ప్రేమకొద్దీ ఆడిన అబద్ధం కూడా అబద్ధమేనని ఆ తలుపు దగ్గరే తెలిసొచ్చింది.

డబ్బాలో సరుకు నల్లబడి, పొడిపొడిగా మారింది. ఒక సాయంత్రం దర్జీ ఇంత చేతిలోకి తీసుకుని వాసన చూసి నవ్వింది.

"అయిపోయింది బాబాయ్. తోట మట్టిలా ఉంది. ఇక కుండీల్లో వేసుకో."

మేస్త్రి మొహం వెలిగింది. మొక్కల వైపు తిరగబోయి, ఎందుకో ఆగి, తలుపు వైపు చూశాడు.

"నువ్వూ ఓసారి చూడవే."

ఆవిడ వచ్చి డబ్బా మీదికి వంగింది. పైన నిజంగానే మట్టి వాసన. ఔనంటే చాలు, ఆయన ఈ పూటే చిన్నపిల్లాడిలా కుండీల చుట్టూ తిరుగుతాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. ఆవిడ మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగు నుంచి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పైన బాగుందండీ. అడుగున ఇంకా పులిసిన కంపు కొడుతోంది. ఇప్పుడే వేస్తే మొక్కల వేళ్లు కుళ్లిపోతాయి" అంది.

దర్జీ కూడా ఆ పిడికిలి వాసన చూసి, నిజమేనని ఒప్పుకుంది.

మేస్త్రి కాసేపు భార్య మొహంలోకే చూశాడు. తర్వాత నెమ్మదిగా డబ్బా మూత పెట్టాడు.

"రేపటి నుంచి నువ్వు మెట్లెక్కక్కర్లేదమ్మా" అన్నాడు దర్జీతో.