అట్టపెట్టె ఇల్లు

సామాను బండి వీధి మలుపు తిరిగేదాకా పెద్దకోడలు కిటికీ వదలలేదు. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో చెరో రెండు గదుల్లో సర్దుకుని బతికిన తోడికోడలు ఇప్పుడు సొంతింటికి వెళ్ళిపోతోంది. దానికి మూడు పడకగదులూ, వీధివైపు వసారా కూడానట. బండి ఎక్కేముందు ఆమె "అక్కా, ఆదివారం మీరంతా తప్పకుండా రావాలి" అని రెండు చేతులూ పట్టుకుంది. పెద్దకోడలు నవ్వి సరేనంది. కిటికీ వదిలి కుట్టుమిషను ముందు కూర్చుంటే మాత్రం, ఆ పూట రెండు సూదులు విరిగాయి.

ఓర్వలేనితనం గొంతు తగ్గించుకుని మాట్లాడదు కదా! "ఊరికి అంత దూరాన కట్టుకుని ఎవర్ని ఉద్ధరించడానికట? అంతా పైపై మెరుగులే" అని ఆమె భర్త దగ్గర సణుగుతూనే ఉంది. అయిదేళ్ళ కూతురు బుల్లి మిషను పక్కన గుడ్డముక్కలతో ఆడుకుంటూ అన్నీ వింది.

"ఆదివారం టముకు వాళ్ళింటికి వెళ్తాంగా అమ్మా?"

టముకు అంటే బుల్లికి పిన్ని కూతురు, ఆ తోడికోడలి బిడ్డ. ఏ మాటా కడుపులో దాచుకోదని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరది.

"వెళ్ళం. ఆ ఇల్లు చూసొస్తే మన ఇల్లు చిన్నదైపోతుంది. నువ్వూ అక్కడ అడుగు పెట్టకు."

పాఠకులారా, ఇలాంటి మాటలు మనం రోజూ అంటాం, అని మరిచిపోతాం. పిల్లలు మరిచిపోరు.

ఆదివారం ఎవరూ వెళ్ళలేదు. ఆ మర్నాడు బడిలో 'ఇల్లు' పాఠం. పంతులమ్మ అడిగిందని టముకు వాళ్ళ నాన్న కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. దానికి తలుపు కోయించుకుని, కిటికీలకు రంగులేసి, పిల్లలు ఇల్లు మారే ఆట మొదలుపెట్టారు. ఒకడు డ్రైవరు, వాడి వెనకున్నవాడు బండి. సంచులూ పుస్తకాలూ నీళ్ళసీసాలూ అన్నీ సామానే.

బుల్లి ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడింది. ఆ రోజు పెద్దకోడలు బుల్లిని ఇంటికి తీసుకెళ్ళడానికి కాస్త ముందుగానే వచ్చి, గుమ్మం బయటనుంచి చూస్తోంది.

"రావే, నీకు చోటుంచాను!" అని టముకు చెయ్యి పట్టి లాగింది.

"నేను రాను."

పంతులమ్మ పక్కన చతికిలబడి అడిగింది. "ఎందుకమ్మా?"

"టముకు ఇంట్లోకెళ్తే మా ఇల్లు చిన్నదైపోతుందని అమ్మ అంది టీచర్. అప్పుడు మిషను పట్టదు. మా అమ్మ ఎక్కడ కూచుంటుంది?" అంటూ బుల్లి బావురుమంది.

పెద్దకోడలి తల సిగ్గుతో వాలిపోయింది. పంతులమ్మ ఆమెను చూసి బయటికొచ్చింది. "ఇల్లు మారినా మనుషులు మారరని పొద్దున్నుంచీ చెబుతున్నానమ్మా. మీ మాట ముందు నా పాఠం నిలవలేదు. ఈ పసిది ఆట మానేసి మీ ఇంటికి కాపలా కాస్తోంది" అంది మెల్లగా.

పెద్దకోడలు లోపలికి వెళ్ళి అట్టపెట్టె ముందు వంగింది. "టముకూ, నాకు చోటుందా?"

"ఉంది పెద్దమ్మా! కాళ్ళు మాత్రం బయట పెట్టుకో!"

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. ఆమె ఎలాగో లోపలికి దూరి బుల్లికి చెయ్యి చాపింది. "రా తల్లీ. మన ఇల్లు ఎక్కడికీ పోదు. నాదే తప్పుడు మాట."

సాయంత్రం తల్లీకూతుళ్ళు కొత్తింటికి వెళ్ళారు. వసారా చూడగానే పెద్దకోడలి కడుపు మళ్ళీ భగ్గుమంది. అయినా "బాగుందే" అంది. తోడికోడలి కళ్ళు చెమర్చాయి.

తిరిగి రాగానే బుల్లి పరుగున వెళ్ళి, గది గోడలు ఒక్కొక్కటీ తడిమి చూసింది. "అంతే ఉందమ్మా! మిషనూ పట్టింది!"

ఆ తల్లి కుళ్ళు ఒక్క పూటలో పోయిందంటే అబద్ధమే అవుతుంది. కానీ దాన్ని ఇక పిల్ల చెవిన వెయ్యనని మాత్రం ఆమె ఒట్టు పెట్టుకుంది. పెద్దల ఓర్వలేనితనం పెద్దల దగ్గరే ఆగిపోవాలి; దానికోసం పిల్లలకు ఏ ఇంటి తలుపూ మూయకూడదు.