పక్కూరామె ఆఖరి శుక్రవారం

రోజాకి ఒకరిని మెచ్చుకోవడం చేతకాదు. ఎవరిమీదైనా అభిమానం కలిగితే ఇంటికి పిలిచి పులుసు వండిపెడుతుంది, అంతే. కోట అనే ఊళ్ళో ఉంటూ "రోజా చేపల పొయ్యి" అని బ్లాగు నడుపుతోంది. వంజరం పులుసులో మామిడికాయ ముక్క ఎప్పుడు వేయాలో రాస్తే చాలు, కామెంట్లు కుప్పలు తెప్పలుగా వచ్చి పడతాయి. తినే నోళ్ళున్నంత కాలం ఆ బ్లాగుకి ఢోకా లేదు.

అలాంటి రోజాకి చిల్లకూరులో ఉండే సాయిలక్ష్మి అంటే పిచ్చి అభిమానం. సాయిలక్ష్మికి హైవే పక్కన జిరాక్స్ షాపుంది. దానితోపాటు "పక్కూరామె" అని ఒక బ్లాగూ ఉంది. ఆదివారమొస్తే షాపు మూసి, స్కూటరేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఎవరో ఒకావిడ దగ్గర కూర్చుని ఆమె కథ వింటుంది. శుక్రవారం తెల్లారేసరికి అది బ్లాగులో ఉంటుంది. మొగుడు మంచాన పడితే ట్రాక్టరు నేర్చుకుని ఊరందరి పొలాలూ దున్నినామె, మనవరాలితోపాటు పలక పట్టిన ముసలామె, ఇలాంటివాళ్ళు. ఒక్కరూ పేపరుకెక్కినవాళ్ళు కారు. చదివిన ప్రతిసారీ రోజా కాస్త ఎత్తు పెరిగినట్టు తిరుగుతుంది. కష్టమేమిటంటే, ఆ బ్లాగు చూసినవాళ్ళ లెక్క ఎన్నడూ పది దాటదు. అందులో సగం రోజానే.

ఒక బుధవారం సాయిలక్ష్మి ఫోన్ చేసింది.

"ఆపేస్తుండా రోజా. ఈ శుక్రవారానికి ఒకటి రాసిపెట్టినా. పై శుక్రవారం అందరికీ సెలవు చెప్పేస్తా. ఎండలో పడి తిరిగేది నేను, చదివేది నువ్వు. నీకు ఫోన్లో చెప్పేస్తే పోలా!"

నవ్వుతూనే అంది గానీ, గొంతులో జీర రోజాకి తెలిసిపోయింది.

రోజాకి ఒళ్ళు మండింది. సాయిలక్ష్మి మీద కాదు, చేపముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలని పదిసార్లు అడిగే లోకం మీద. ఆ మంటలోనే కూర్చుని తన బ్లాగులో సాయిలక్ష్మి గురించి రాసిపారేసింది. "స్ఫూర్తిప్రదాత", "ఆదర్శమూర్తి", చేతికందిన పెద్ద మాటలన్నీ మసాలాలా దట్టించింది. మర్నాటికి కామెంట్లు రానే వచ్చాయి. "మేడం, చేప ఎక్కడ?" అని ఒకరు. "ఈ సాయిలక్ష్మి గారు పులుసులో చింతపండు వేస్తారా?" అని ఇంకొకరు.

భర్త శివ ఓపిగ్గా చివరిదాకా చదివాడు. "సన్మానపత్రం మాదిరుండాది. శాలువా ఒకటే తక్కువ" అన్నాడు. ఆ పూట ఆయనకి పెరుగన్నమే దక్కింది.

సరే, జనానికి చేపే కావాలి కదా అని ఉసూరుమంటూ శుక్రవారం పొద్దున్నే సంచి పట్టుకుని మార్కెట్టుకి వెళ్ళింది. మామూలుగా ఆమె వెళ్ళేది ఆదివారాలు. ఇవాళ అక్కడేదో తేడాగా ఉంది. బేరాల గోల లేదు. ఆడవాళ్ళంతా చెంచులక్ష్మి గంప చుట్టూ చేరి కూర్చున్నారు. చెంచులక్ష్మి చేపలమ్మేవాళ్ళలో పెద్ద నోరున్న మనిషి. ఆమె కేకేస్తే గంపలో చచ్చిన చేప కూడా ఉలిక్కిపడుతుంది. అంతటి మనిషి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కిక్కురుమనకుండా వింటోంది. మధ్యలో, ఐసు అమ్మే కామాక్షమ్మ ఫోను మొహానికి ఆనించుకున్నంత పని చేసి గట్టిగా చదువుతోంది.

రెండు వాక్యాలు వినేసరికి రోజా సంచి కింద పెట్టేసి, తనూ వాళ్ళ వెనక చేరింది. అది ఆ తెల్లారే సాయిలక్ష్మి పెట్టిన కథ.

అయ్యేదాకా ఆగి అడిగింది. "వారం వారం చదువుతారా అక్కా?"

"చదివేది కామాక్షమ్మ, వినేది మేమంతా" అంది చెంచులక్ష్మి. "చదువొచ్చింది ఆమెకొక్కదానికే కదమ్మే."

ఒక్క ఫోను, దాని చుట్టూ ఇంతమంది. బ్లాగు లెక్కలో మాత్రం ఒక్క మనిషి. సాయిలక్ష్మే కాదు, తనూ ఇన్నాళ్ళూ ఆ లెక్కనే నమ్మినందుకు రోజాకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఈ సంగతి ఫోన్లో చెప్పలేదు. చెప్తే ఓదార్పు కోసం అల్లిందనుకుంటుంది సాయిలక్ష్మి. "మంచి చేప ఇప్పిస్తా, రా అక్కా" అని పై శుక్రవారం పొద్దున్నే రప్పించింది. సాయిలక్ష్మి అప్పటికే బ్లాగులో సెలవు చెప్పేసి, ఈసురోమంటూ వచ్చింది. గంప దగ్గర నిలబడి వంజరం ఎంత అని అడిగింది.

"కతయ్యేదాకా బేరాల్లేవు. కూచోమ్మే" అంది చెంచులక్ష్మి తలెత్తకుండానే.

కామాక్షమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "ఇదే చివరిది. ఇన్నాళ్ళూ చదివిన ఆ నలుగురికీ నా దండాలు..." అక్కడికి ఆగిపోయింది. సాయిలక్ష్మి రోజా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చెంచులక్ష్మి చివాల్న లేచింది. "ఎవురినడిగి ఆపుతాది? నలుగురంట, నలుగురు! మేం మనుషులం కాదా?" ఆమె గొంతు మెల్లగా దిగింది. "నా వంతు ఎప్పటికైనా వస్తాది, వస్తే ఏం చెప్పాల్నో అంతా అనుకోని పెట్టుకోనుండానే."

"నేనూ అట్నే" అంది వెనకనుంచి ఒకామె. ఇంకా ఇద్దరు ముగ్గురు తలొంచుకుని చీర కొంగులు మెలిపెట్టుకున్నారు.

రోజాకి కళ్ళు నిండాయి. తను దట్టించిన పెద్ద మాటలన్నీ ఈ ఒక్క కోపం ముందు దిగదుడుపే.

"ఆ పక్కూరామెను నేనే అక్కా" అంది సాయిలక్ష్మి. తడి నేలని కూడా చూసుకోకుండా గంప పక్కన చతికిలబడింది. "చెప్పు. ఏం అనుకోని పెట్టుకోనుండావు?"

చెంచులక్ష్మి ఆమెను ఎగాదిగా చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. అంత పెద్ద నోరూ ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"నేను పడవలో పుట్టినా" అంది. "పులికాట్ నడిమధ్యన, గాలివానలో. మా అమ్మ ఒక చేత్తో నన్ను పట్టుకోని, ఇంకో చేత్తో తెడ్డేసుకుంటా ఒడ్డుకొచ్చింది."

కామాక్షమ్మ నోరు తెరిచింది. "ఇన్నేళ్ళుగా పక్కపక్కనే కూచుంటుండామే! ఒక్కనాడన్నా చెప్పలేదే!"

"మీరెప్పుడడిగినారు?" అంది చెంచులక్ష్మి.