ఫోటోలో పడని డిస్కు

సర్వర్ గది తాళంచెవి తొమ్మిదేళ్లు అనుపమ హ్యాండ్‌బ్యాగు జిప్పుకు వేలాడింది. జెఫ్రీ ఉద్యోగంలో చేరిన నెలకే అది అతని జేబులోకి పోయింది. ఆనాటి నుంచి ఆమె కడుపులో పచ్చిమిరపకాయ నలిపినట్టే ఉంది.

తిరుమలగిరిలోని ఆ రక్తపరీక్షల ల్యాబుకు ఊళ్లో చాలా శాఖలున్నాయి. ఎవరి షుగరెంత, ఎవరి థైరాయిడెంత, అన్నీ వచ్చి చేరేది ఒకే డేటాబేసులోకి. దాన్ని పసిబిడ్డలా సాకింది అనుపమ. రోజూ తన కంప్యూటర్ నుంచి డేటాబేసును అడిగి, దాని కడుపులో ఉన్నదంతా వరసగా చెప్పించుకుని ఒక ఫైలులో రాయించుకునేది. వారానికోసారి సర్వర్ గదిలోకి వెళ్లి, అక్కడున్న ఖాళీ మెషీన్ మీద ఆ ఫైలు తెరిచి, రిపోర్టులు సరిగా వస్తున్నాయని చూసుకున్నాకే అన్నం డబ్బా విప్పేది.

జెఫ్రీ వచ్చి, "ఇంత కష్టం దేనికక్కా?" అన్నాడు.

సర్వర్ అంటే ఒక ఇనుప పెట్టె అనుకుంటాం గాని, ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు ఆ పెట్టెలో నాలుగైదు మెషీన్లు కాపురముంటాయి. చేతికి తగలవు, పని మాత్రం చేస్తాయి. జెఫ్రీ పద్ధతిలో డేటాబేసును ఏమీ అడగనక్కర్లేదు. అది ఉన్న వాటాను ఉన్నపళంగా ఫోటో తీసినట్టు కాపీ చేసుకోవడమే. రేపు ఏదైనా అయితే ఆ ఫోటోను లేపి నిలబెడితే చాలు, మెషీనుకు మెషీనే తిరిగొస్తుంది.

ల్యాబు నడిపే గ్లోరియా మేడమ్ ఇది విని మురిసిపోయింది. "చూశారా అనుపమా, ఎంత సింపుల్‌గా చేశాడో. ఇక మీ పాత కాపీ ఆపేయండి. ఒకే పని రెండుసార్లు ఎందుకు?" అని మీటింగులో అందరి ముందూ అంది. తాళంచెవి చేతులు మారింది అక్కడే. తిప్పేటప్పుడు దాన్ని కొంచెం పైకెత్తాలని అనుపమ చెప్పలేదు. జెఫ్రీ తలుపు ముందు తంటాలు పడుతుంటే చూసి, ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నది.

చెప్పనిది అదొక్కటే కాదు. "అక్కా, ఈ మెషీన్లో నేను తెలుసుకోవాల్సింది ఏమన్నా ఉందా?" అని జెఫ్రీ మొదట్లోనే అడిగాడు. ఉంది. వెనకటికి ఎవరో ఇట్లాగే ఫోటో పద్ధతి పెట్టబోతే రిపోర్టులు మాటిమాటికీ బిగుసుకుపోయాయి. అప్పుడు అనుపమే, డేటాబేసు ఉండే డిస్కును ఫోటోలో కలపొద్దని సెట్టింగు పెట్టింది. అంటే జెఫ్రీ తీసే ఫోటోలో ఇల్లుంటుంది, గోడలుంటాయి, లోపల మనుషులుండరు.

"ఏముంటది తమ్మీ," అంది అనుపమ. "అన్నీ నీకే ఎరుక గద."

రోజూ అతని స్క్రీన్ మీద పచ్చ టిక్కు పడేది. ఒక డిస్కు వదిలేశామని దాని కింద సన్నటి అక్షరాల్లో ఉండేది. పచ్చ రంగు చూసి సంబరపడేవాడు కింది వరస చదువుతాడా?

అయితే జెఫ్రీ పరువు పోయే రోజున తన పరువు నిలబడాలి కదా. అందుకని అనుపమ పాత కాపీని ఆపలేదు, ఎవరికీ తెలియకుండా నడిపించింది. పైగా దాన్ని సరిగ్గా జెఫ్రీ ఫోటో తీసే మధ్యాహ్నం వేళకే జరిపింది. రెండూ ఒకేసారి నడిస్తే మెషీన్ రొప్పుతుంది, కౌంటర్ దగ్గర జనం విసుక్కుంటారు, తిట్లు జెఫ్రీ నెత్తిన పడతాయి.

పడ్డాయి కూడా. "జెఫ్రీ సార్, మీ ఫోటోలేందో గాని, బువ్వ తినే యాల్లకు స్క్రీన్ రాయి లెక్క అయితాంది," అంది కౌంటర్లో కూర్చునే నీహారిక. "పేషెంట్లు నా మొకాన్నే చూస్తున్రు. నా ఫోటో సుత ఒకటి తీసి గీడ పెట్టుర్రి, నేను ఇంటికి పోతా."

అనుపమ డబ్బా మూత మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఇంతలో ల్యాబుకు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. డేటా పోతే ఎలా తిరిగి తెస్తారో వాళ్లకు చేసి చూపాలి. దానికి ముందు మనం ఒకసారి చూసుకుందామని మేడమ్ రోజు పెట్టింది. ఆ పొద్దున మౌలాలి ఇంట్లో అనుపమ బీరువా తెరిచి గద్వాల చీర తీసింది.

"ఎవరి పెండ్లే?" అన్నాడు భర్త దుర్గేష్.

"ఇయ్యాల ఒకలది అయితది," అంది కుచ్చిళ్లు సర్దుకుంటూ.

సర్వర్ గదిలో జెఫ్రీ తన ఫోటోను ఖాళీ మెషీన్ మీద నిలబెట్టాడు. చక్కగా లేచింది. ల్యాబు పేరు వచ్చింది, పాస్‌వర్డ్ అడిగింది. మేడమ్ ఒక పేషెంటు నంబరు చెప్పింది. జెఫ్రీ కొట్టాడు. రికార్డు లేదు. ఇంకొకటి కొట్టాడు. లేదు. తన ఫోటోల జాబితా తెరిచాడు. అప్పుడు చదివాడు, పచ్చ టిక్కు కింది వరస.

"డేటా ఉన్న డిస్కు ఫోటోలో పడలేదు మేడమ్," అన్నాడు.

అసలు మెషీన్ మామూలుగానే నడుస్తోంది గనక ఎవరి రిపోర్టుకూ ఏమీ కాలేదు. రంగు పోయింది జెఫ్రీ మొహంలోనే.

అనుపమ చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఎందుకైనా మంచిదని నా కాపీ నేను ఆపలే మేడమ్. జెర జరుగు తమ్మీ," అంది గొంతులో తేనె పోసుకుని.

తన ఫైలు తెరిచింది. పేషెంట్ల పేర్లు బిలబిలమంటూ లేచాయి. ఆమె స్క్రీన్ చూడలేదు, జెఫ్రీ మొహమే చూసింది. అంతలో పేర్లు ఆగిపోయాయి. ఫైలు మధ్యలో తెగి ఉంది. నిన్నటిది తెరిచింది. అదీ తెగే ఉంది. మొన్నటిదీ అంతే.

ఫైలు ఉందా లేదా అని రోజూ చూసేది. ఉండేది. తెరిచి చూడాలంటే సర్వర్ గదిలోకి పోవాలి, దానికి జెఫ్రీని తాళంచెవి అడగాలి. అడగడం కంటే చావడం నయమనుకుంది.

"ఇది ఏ టైముకు తీస్తున్నారక్కా?" అడిగాడు జెఫ్రీ మెల్లగా.

చెప్పక తప్పలేదు. "నీ ఫోటో యాల్లకే."

అతనికి అర్థమైంది. ఫోటో తీసేటప్పుడు మెషీన్ కాసేపు ఊపిరి బిగబడుతుంది. ఆ కాసేపటికి అనుపమ కంప్యూటర్‌తో దానికున్న లంకె తెగి, కాపీ ఎక్కడిదక్కడ ఆగిపోతోంది. అతను డిస్కు సెట్టింగు కూడా తెరిచాడు. పెట్టినవారి పేరు అక్కడే ఉంది, అనుపమ అని. జెఫ్రీ స్క్రీన్ మీద ఆ కిటికీని మూసేశాడు.

"తప్పు నాదే మేడమ్," అన్నాడు. "ఫోటో ఒక్కటే సరిపోదు. ముందు డేటాబేసు కాపీ అక్క పద్ధతిలో తీయాలి. అది ముగిశాకే ఫోటో. రెండూ తెరిచి చూసుకోవాలి. అక్కది ఆపమనకుండా ఉండాల్సింది."

"అయితే ఇద్దరూ కలిసి చేయండి," అంది మేడమ్.

ఇంకొకరైతే బతికిపోయాననుకునేవారు. అనుపమకు మాత్రం ఒళ్లు భగ్గుమంది. ఆఖరికి మంచితనంలో కూడా వీడే ముందున్నాడు.

మరుసటి వారం అట్లాగే చేశారు. మేడమ్ అడిగిన పేషెంట్లంతా రిపోర్టుతో సహా తెర మీదికొచ్చారు. తాళంచెవికి డూప్లికేటు చేయించి రెండూ జెఫ్రీ చేతికిచ్చింది మేడమ్. అతను రెంటినీ అనుపమ బల్ల మీద పెట్టాడు.

"మీకేది కావాలో తీసుకోండక్కా."

"పాతది నాదే గద," అని అనుపమ దాన్ని జిప్పుకు తగిలించుకుంది. చాలా రోజుల తర్వాత బ్యాగు బరువు సరిగ్గా అనిపించింది.

"కొత్తది ఒకసారి తిప్పి చూస్తా. ఇప్పుడు దేన్నీ చూడకుండా నమ్మను," అంటూ జెఫ్రీ తలుపు దగ్గరికి వెళ్లాడు.

అనుపమ కూడా వెనకే వెళ్లి నిలబడింది. పైకెత్తే పనే లేదు. కొత్త తాళంచెవి వెన్నలో దిగినట్టు దిగి, ఒక్క తిప్పుకు తెరుచుకుంది.

అనుపమ తన తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని చూసింది. పళ్లు అరిగి నున్నగా ఉన్నాయి. కడుపులో మళ్లీ పచ్చిమిరపకాయ నలిగింది.

సాయంత్రం బస్సెక్కే ముందు కౌంటర్ దగ్గర ఆగింది. "నీహారికా," అంది గొంతు తగ్గించి, "మేడమ్ ఆ డూప్లికేటు యాడ చేపిచ్చింది?"