పొయ్యి వైపు తిరిగిన తల్లి ఏమంది?

ఇప్పటిదాకా వచ్చిన తమిళ సినిమాలన్నింటిలోకీ గొప్పదంటూ క్లబ్బు జడ్జీలు మొదటి స్థానం కట్టబెట్టిన చిత్రంలో, వాళ్ళందరినీ ఏడిపించిన తల్లి మాట అసలు లేనే లేదు.

ఆ సంగతి క్లబ్బు పెద్దాయన ఒకరి కోడలి చెవిన పడేసరికి ఫలితాలు చెప్పడానికి ఒక్క రోజే గడువుంది. ఆమె ఫిల్మ్ క్లబ్బు హాల్లో సౌండ్ చూస్తుంది. స్పీకరు ఒకటి గరగరలాడుతోందని, ఆ గరగర సినిమాలోదేమో తేల్చుకోవడానికి ఆ నలుపు తెలుపు సినిమానే వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. పుట్టింటి పక్కవాటా వాళ్ళది తమిళం. ఆటలతోపాటే ఆ భాషా అబ్బింది.

తెర మీద కొడుకు జైలు నుంచి ఇంటికొచ్చాడు. తల్లి పొయ్యి వైపు తిరిగి ఉంది. వెనక్కి చూడకుండానే ఏదో అంది. అడుగున తెలుగు అక్షరాలు పడ్డాయి: "తప్పు నువ్వు చేశావేమో గానీ, నా కడుపు చేయలేదురా."

చెవిలో పడిన మాట వేరు. తల్లి అన్నది ఇది: "తలుపు గొళ్ళెం ఊడిపోయింది. నువ్వొచ్చి బిగిస్తావని అలాగే వదిలేశాను."

కోడలు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. గొళ్ళెమే. కడుపు ఊసే లేదు.

క్లబ్బులో తమిళ సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసేది ఒక్కరే. స్వయానా ఆమె మామగారు. తమిళ సినిమాలకు తెలుగు డబ్బింగు మాటలు రాసి రాసి జుట్టు నెరిసిన మనిషి. తెర మీద పెదవి కదిలిందంటే దానికి అతికినట్టు మాట కూర్చడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని పేరు.

దాచిపెడదామా అనిపించింది. రేపు ఫలితాలు చెప్పి సినిమా వేసినప్పుడు హాల్లో తమిళం వచ్చినవాళ్ళు ఒక్కరున్నా పరువు గంగలో కలుస్తుంది. ఫోన్ తీసింది.

క్లబ్బు అధ్యక్షురాలు పళ్ళ డాక్టరు. తెల్లకోటు విప్పకుండానే వచ్చి పడింది.

"ఒకాయన నోరు తెరిచి కూర్చుంటే వదిలేసి వచ్చానమ్మాయ్. ఏం కొంప మునిగింది?"

కోడలు చూపించింది. గొళ్ళెం మాట చెప్పింది. డాక్టరు కుర్చీలో కూలబడింది.

"నా ఓటు ఆ కడుపు మాటకే వేశాను. రెండు రుమాళ్ళు తడిశాయి కూడానూ. ఎవరు మార్చారు?"

"రాసింది మామయ్యగారే. తర్వాత ఎవరైనా వేలు పెట్టారేమో తెలియడం లేదండీ."

"తెలియాలి. పొరపాటైతే దిద్దుకుంటాం. గెలిపించుకోవడానికి కావాలని చేస్తే మాత్రం సినిమా పోటీలో ఉండదు. ఆ నిబంధన పెట్టింది నేనే, నేనే మింగేయలేను."

సినిమా పోటీలో లేకపోతే దాని గతేమిటో ఇద్దరికీ తెలుసు. లోకంలో దానికి మిగిలింది ఒక్క ప్రింటు, క్లబ్బులో వేసుకునేది దాన్నుంచి తీసిన మసక వీడియో. ప్రింటు డబ్బా మూత తీస్తే పులిసిన వాసన, ఫిల్ము పాడైపోతోందన్న గుర్తు. మొదటి స్థానం వచ్చిన చిత్రాన్ని ఫిల్ము ల్యాబు వాళ్ళు శుభ్రం చేసి కొత్త కాపీ తీస్తామన్నారు. రెండోదానికి ఆ యోగం లేదు. ఆ ప్రింటు ఇంకో వేసవి తట్టుకోదు.

"మొదటి నుంచీ వేయి," అంది డాక్టరు. "దొంగ ఒక్కచోటే కన్నం వేయడు."

వేసింది. తండ్రి మాట, సరిగ్గా ఉంది. లాయరు వాదన, అక్షరం పొల్లుపోలేదు. కొడుకు గొడుగు చాటున గొణిగిన మాట, తప్పు. పోలీసు తలుపవతలి నుంచి పిలిచిన పిలుపు, తప్పు. చీకట్లో చెల్లెలి మాట, పూర్తిగా కల్పితం.

కోడలు చప్పున బొమ్మ ఆపింది.

"డాక్టరుగారూ, మొహం కనిపించినచోట ఒక్క తప్పూ లేదు. పెదాలు కనిపించనిచోటే ఉన్నాయి అన్నీ."

"అయితే మీ మామగారే. డబ్బింగు బుద్ధి. వీపు కనిపిస్తే మన ఇష్టం అని ఆయనే కదా అందరికీ పాఠాలు చెప్పేది. పద, అడిగేద్దాం."

మామగారు ఇంట్లో హాలు కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. వీపు గుమ్మం వైపు. డాక్టరు పిలవబోతే కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. దారిలో ఆమెకు మరో అనుమానం పుట్టింది. మెల్లగా ఆయన వెనక్కి చేరింది.

"మామయ్యగారూ, మీ కాలరు మీద బొద్దింక పాకుతోంది."

ఆయన ఎడమ అద్దం అయ్యాక కుడి అద్దం అందుకున్నాడు.

"రెండోది కూడా ఎక్కింది," అని గట్టిగానే అంది. ఆయన కళ్ళజోడును వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కోడలు చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా కూర్చుంది. "మామయ్యగారూ, పొయ్యి దగ్గర తల్లి ఏమంది?"

ఆయన ఆమె పెదవుల వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"నాకు తెలీదు తల్లీ. వినపడదు. రెండేళ్ళుగా అంతే. పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను, బతుకంతా చేసిన పని అదేగా. ఆవిడేమో పొయ్యి వైపు తిరిగింది. మీరు ఇంట్లో లేని పూట సౌండు పెంచాను. ఇంకా పెంచాను. పక్కింటాయన తలుపు బాదాడట, అదీ వినపళ్ళేదు. మర్నాడు మొహం మాడ్చుకుంటే తెలిసింది. నిన్ను అడగొచ్చు. అడిగితే ఎందుకని అడుగుతావు. చెవుడని తెలిస్తే ఇక సినిమాలెవరిస్తారు నాకు?"

"సినిమా ఎక్కడికీ పోదండీ," అంది వెనక నుంచి డాక్టరు. "నా ఓటు గొళ్ళేనికే. మిగతా జడ్జీలకీ అసలు మాటలతో ఈ సాయంత్రం చూపిద్దాం."

ఆ మాటలకు కోడలు అటు తిరిగింది గానీ, ఆయన్ని అవి చేరలేదు. తల దించుకునే చెప్పుకుపోయాడు.

"గెలిపిద్దామని రాసింది కాదమ్మా. ఖాళీ వదల్లేక రాశాను. మోసమే, కాదనను. ఆ మోసం నాది, సినిమాది కాదు. తీసేస్తే నా పేరు తీసేయమను, ఆ ప్రింటును మాత్రం ల్యాబుకు పంపమను. నా చెవులకు మిషనో మన్నో ఏదో ఒకటి పెట్టించు, వస్తాను, బెట్టు చేయను. ఇప్పుడు మాత్రం ఇటు తిరిగి, ఆవిడ మాట మెల్లగా చెప్పు. నేను రాసినదానికంటే బాగుంటుంది. ఆ నటి భుజాలు చూసినప్పుడే అనుకున్నాను."